సీక్రెట్ గార్డెన్: పిల్లలకి అంతా చదివి వినిపించాలా, ఆ మాటలు వదిలేయాలా?

ప్రశ్న
లైబ్రరీ పీరియడ్ (తెనాలి)

నేను తెనాలి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తానండి. ఏడో తరగతి పిల్లలకి లైబ్రరీ పీరియడ్‌లో ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ రాసిన 'ది సీక్రెట్ గార్డెన్' మొదలుపెట్టాను. ఒక పేరా ఇంగ్లీషులో చదువుతాను, వెంటనే తెలుగులో చెప్తాను. మనసులో చదువుకునేటప్పుడు జారిపోయే వాక్యం కూడా, క్లాసు నిండా పిల్లల ముందు పైకి చెప్పాల్సి వచ్చేసరికి నోట్లోనే ఆగిపోతోంది. అందుకే ఈ పుస్తకం చదివినవాళ్ల అభిప్రాయం అడుగుతున్నాను.

చదవనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. ఈ నవల పుస్తకంగా 1911లో వచ్చింది. మేరీ లెనాక్స్ అనే తొమ్మిదేళ్ల ఇంగ్లీషు పిల్ల మన దేశంలో పెరుగుతుంటుంది. తండ్రికి ఎప్పుడూ ఉద్యోగం పనీ, జబ్బూ. తల్లికి పార్టీలు. పిల్ల పుట్టడమే ఆవిడకి ఇష్టం లేదు, పుట్టగానే ఆయా చేతిలో పెట్టేసింది. కలరా వచ్చి ఆయా పోతుంది, తల్లీ తండ్రీ పోతారు, బతికిన నౌకర్లు పారిపోతారు. ఇంట్లో ఒక పిల్ల ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. తర్వాత మేరీని ఇంగ్లండులో, యార్క్‌షైర్‌లో ఉన్న మేనత్త భర్త ఇంటికి పంపిస్తారు. మేనత్త అప్పటికే లేదు. తన తోటలో చెట్టుకొమ్మ మీద కూర్చుంటే అది విరిగి కిందపడి, మర్నాడు చనిపోయింది. భర్త ఆ తోటకి తాళం వేసి తాళంచెవి పాతిపెట్టేశాడు. పదేళ్లయింది. మేరీ ఆ తోట కనిపెట్టడం, దాన్ని బతికించడం, అదే ఇంట్లో ఎవరికీ కనపడకుండా మంచం పట్టి ఉన్న కాలిన్ అనే పిల్లవాడు లేచి నడవడం, ఇదీ కథ. (కాలిన్ మేనత్త కొడుకని చెప్పగానే మా పిల్లలు "అయితే బావ అవుతాడు టీచర్" అని గోల పెట్టారు. ఆ రోజు ఇంక చదవనివ్వలేదు.)

చిక్కు మొదటి అధ్యాయంలోనే వచ్చింది. కలరా వచ్చిన రోజు పొద్దున మేరీ నిద్ర లేస్తుంది. తన ఆయా బదులు ఇంకో పనిమనిషి వస్తుంది. మేరీ ఆమెని కొట్టి, తన్ని, తోటలోకి పోయి ఒక చెట్టు కింద కూర్చుని మట్టి పోగులు పెట్టి వాటిలో ఎర్ర మందారాలు గుచ్చుతూ ఆడుకుంటుంది. అలా ఆడుకుంటూనే ఆయా వచ్చాక తిట్టాల్సిన తిట్లు గొణుక్కుంటుంది. "పందీ, పందీ, పంది కూతురా" అని. అది ఇక్కడివాళ్లకి అన్నిటికన్నా పెద్ద తిట్టు కాబట్టి అదే ఎంచుకుంటుంది. అంతకుముందే చదవడం నేర్పడానికి వచ్చిన ఇంగ్లీషు గవర్నెస్సులు ఎవరూ ఆ పిల్లతో వేగలేక వెళ్లిపోయారు. ఆయా మాత్రం వెళ్లలేదు. ఎక్కడికి వెళ్తుంది?

ఇది చెప్పినప్పుడు వెనక బెంచీల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ముందు బెంచీలో ఒక అమ్మాయి నవ్వలేదు. వాళ్లమ్మ ఊళ్లో రెండిళ్లలో పని చేస్తుంది. "ఆ ఆయా ఏమీ అనదా టీచర్?" అని అడిగింది. అనదమ్మా, అననివ్వరు అని చెప్పాను.

నాలుగో అధ్యాయం ఇంకా కష్టం. ఇంగ్లండు వెళ్లాక పనిపిల్ల మార్తా, "ఇండియా నుంచి వస్తున్నారంటే మీరూ నల్లగా ఉంటారనుకున్నాను" అంటుంది, చూడాలని ఆశపడ్డట్టు. మేరీ ఒళ్లు మండిపోతుంది. ఇండియావాళ్లు మనుషులు కారు, సలాం చేయాల్సిన నౌకర్లు అని అరుస్తుంది. అరిచి, దిండులో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తుంది.

స్టాఫ్‌రూంలో మాతోటి టీచర్ ఒకావిడ "ఆ నాలుగు లైన్లు దాటేయండి, కథకేం నష్టం" అన్నారు. కథకి నష్టమనే నాకనిపిస్తోంది. ఎందుకంటే అదే అధ్యాయంలో ఒక చిన్న వాక్యం ఉంది. కోపం వస్తే ఆయా చెంప మీద కొట్టడం మేరీకి అలవాటు, మార్తాని కొడితే ఈ పిల్ల తిరిగి కొడుతుందేమో అని ఆలోచిస్తుంది. ఆలోచించి ఆగుతుంది. మేరీ మారడం తోటలో మొదలవలేదు, ఇక్కడ మొదలైంది. ఎదుటిమనిషి చెయ్యి కూడా లేస్తుందని మొదటిసారి తట్టినప్పుడు. ఇండియా మాటలు తీసేస్తే ఈ వాక్యం కూడా తీసేయాలి. అప్పుడు మిగిలేది పువ్వులూ పిట్టలూ.

కానీ నన్ను ఇబ్బంది పెట్టేది మేరీ కాదు. మేరీ చెడ్డ పిల్ల అని రచయిత్రే చెప్తుంది. రచయిత్రి తన మాటగా చెప్పే సంగతులున్నాయే, అవి ఇబ్బంది. మేరీ పసుప్పచ్చగా, బక్కగా, దేని మీదా ఆసక్తి లేకుండా ఉండటానికి కారణం ఇండియా ఎండ అంటుంది. యార్క్‌షైర్ గాలి తగిలేసరికి ఆకలి వేస్తుంది, బుగ్గలు ఎరుపెక్కుతాయి. మా దగ్గర మే నెలలో మిట్టమధ్యాహ్నం కాలవగట్టు మీద ఆడుకునే పిల్లలకి ఇది ఎలా చెప్పను? ఒకడు అడిగేశాడు కూడా, "ఎండలో ఆడుకోనివ్వకపోతే కదా జబ్బు చేసేది?" అని.

నాకు ఈ పుస్తకం ప్రాణం. అందుకే అడుగుతున్నాను. మీరైతే ఏం చేస్తారు? అసలు ఈ పుస్తకం మీకు నచ్చిందా?

జవాబు
పాత పాఠం (రాజమండ్రి)

అమ్మా, డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఒక్క లైను కూడా వదలొద్దు. పిల్లలు అడిగిన ప్రశ్నలు చూస్తుంటే మీ క్లాసుకి ఆ లైన్ల అవసరం ఉందనిపిస్తోంది. తప్పనిసరిగా ఏదైనా దాటేయాలంటే ఆఖరి అధ్యాయం మొదట్లో ఉన్న ఉపన్యాసం దాటేయండి. ఆలోచనలకి కరెంటు బ్యాటరీలంత శక్తి ఉంటుందనీ, చెడు ఆలోచన విషంతో సమానమనీ రచయిత్రి కథ ఆపి మరీ చెప్తుంది. ఆ రోజుల్లో అమెరికాలో మనసుతోనే రోగాలు నయమవుతాయనే ఉద్యమాలు బాగా నడిచాయి, ఆవిడ మీద ఆ ప్రభావం గట్టిగా ఉంది.

నా పేచీ వేరే. ఈ నవల మేరీది. మొదటి సగం చూడండి. ఎవరికీ అక్కర్లేని, మొహం చూస్తే ముద్దు రాని, నోరు పెద్ద పిల్ల. పిల్లల కథల్లో కథానాయిక అంటే బంగారు జుట్టూ మంచి బుద్ధీ ఉండాల్సిన కాలంలో ఇలాంటి పిల్లని మధ్యలో నిలబెట్టడం సాహసం. బర్నెట్ అంతకుముందు రాసి డబ్బూ పేరూ తెచ్చుకున్న 'లిటిల్ లార్డ్ ఫాంట్లెరాయ్' (1886)లో పిల్లవాడు చూస్తే ముద్దొచ్చే రకం. ఇరవై అయిదేళ్ల తర్వాత ఆవిడే మేరీని రాసింది.

అలాంటి పిల్లని రెండో సగంలో ఏం చేసింది? కాలిన్ వచ్చాడు. మాయ అంటాడు, ప్రయోగాలంటాడు, అందర్నీ కూర్చోబెట్టి ప్రసంగాలు చేస్తాడు. మేరీ వినేవాళ్లలో ఒకతె అయిపోయింది. ఆఖరి పేజీలో తండ్రీకొడుకులు పచ్చిక మీదుగా నడిచి వస్తుంటే ఇంటి పనివాళ్లంతా కిటికీల్లోంచి చూస్తారు. మేరీ ఎక్కడుంది? తోట తలుపు తీసిన పిల్ల ఆ చివరి దృశ్యంలో లేనే లేదు. చదివిన ప్రతిసారీ నాకు మనసు కష్టపడుతుంది.

ఎందుకిలా జరిగిందో ఊహించగలను. బర్నెట్ పెద్దకొడుకు లయనెల్ 1890లో క్షయతో చనిపోయాడు, పదహారేళ్ల వయసులో. మంచం మీంచి లేచి, పరుగెత్తుకుంటూ వచ్చి కన్నవాళ్ల చేతుల్లో పడే అబ్బాయిని రాయడం మొదలుపెట్టాక ఏ తల్లి కలం ఆగుతుంది? అర్థం చేసుకోగలను. అయినా మేరీకి అన్యాయం జరిగింది.

జవాబు
కంటోన్మెంట్ మనవరాలు (సికింద్రాబాద్)

నాకు ఈ పుస్తకం నచ్చలేదు, దాచుకోను. మా నాయనమ్మ వాళ్లమ్మ తిరుమలగిరిలో ఒక దొరల ఇంట్లో ఆయాగా చేసింది. ఆమె గురించి మా ఇంట్లో మిగిలినవి రెండే ముచ్చట్లు. దొరసాని పిల్లలకి ఆమె చేతి పప్పన్నమే కావాలని పేచీ పెట్టేవాళ్లట. వాళ్లు ఓడెక్కిన రోజు నుంచి ఆమె చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదట.

అందుకే నేను ఈ నవల చదివేటప్పుడు ఆయా కోసమే వెతికాను. మొదటి అధ్యాయంలోనే చనిపోయింది. రాత్రికి రాత్రి జబ్బుపడి పోయిందని, నౌకర్ల గుడిసెల్లోంచి ఏడుపులు వినిపించాయని రాసి ముందుకు వెళ్లిపోయింది రచయిత్రి. ఆమెకి పేరు ఉందని మీలో ఎంతమందికి గుర్తుంది? ఉంది. సైదీ. ఆ పేరు వచ్చేది ఎక్కడో తెలుసా? ఆమెని ఏమని తిట్టాలా అని మేరీ గొణుక్కునే వాక్యంలో. పిల్లకి నీళ్లు పోసినప్పుడు లేదు, జోకొట్టినప్పుడు లేదు, చచ్చిపోయినప్పుడు లేదు. తిట్టబోయేటప్పుడు పేరు గుర్తొచ్చింది.

ఇలాంటి సైదీలు నిజంగా వందల మంది ఓడల్లో ఇంగ్లండు దాకా వెళ్లారు. దారిలో పిల్లల్ని చూసుకోవడానికి తీసుకెళ్లి, చేరాక చాలామందిని వదిలేశారు. అట్లాంటివాళ్లు తలదాచుకోవడానికి లండన్‌లో ఆయాల కోసం ఒక హోమే ఉండేది. 1900లో అది హాక్నీ ప్రాంతంలో కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డుకి మారింది. చరిత్ర ఉన్న ఇళ్లకి అక్కడ పెట్టే నీలం ఫలకం ఆ ఇంటికి పెట్టింది 2022లో. ఈ నవల వచ్చిన 1911లో ఆ హోమ్ నడుస్తూనే ఉంది. మేరీ బాధ మీద ఇరవై ఏడు అధ్యాయాలు, సైదీ మీద ఒక పేరా కూడా లేదు.

టీచర్‌గారూ, చదివితే చదవండి. కానీ దీన్ని మనసులు మార్చే తోట కథ అని మాత్రం చెప్పకండి.

లైబ్రరీ పీరియడ్ (తెనాలి)

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. సైదీ పేరు గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఈ శనివారం ఆ పేరు బోర్డు మీద రాస్తాను.

ఒక్కటి మాత్రం మీ ముందు పెట్టాలని ఉంది. పదమూడో అధ్యాయంలో మేరీ అర్ధరాత్రి ఏడుపు విని, కొవ్వొత్తి పట్టుకుని వెళ్లి కాలిన్‌ని మొదటిసారి చూస్తుంది కదా. ఆ పిల్లవాడికి నిద్ర పట్టదు. అప్పుడు మేరీ, "కళ్లు మూసుకో, ఇండియాలో మా ఆయా చేసినట్టు చేస్తాను" అంటుంది. చెయ్యి మీద మెల్లగా తడుతూ, నిమురుతూ, చాలా చిన్న గొంతుతో హిందుస్తానీలో ఒక జోలపాట పాడుతుంది. కాలిన్ నిద్రపోతాడు. మేరీ జీవితంలో ఇంకో మనిషికి చేసిన మొదటి మంచిపనుల్లో అదొకటి. ఇంగ్లీషు తల్లి నేర్పింది కాదు, యార్క్‌షైర్ గాలి నేర్పింది కాదు. తన చేత దెబ్బలు తిన్న మనిషి నేర్పింది.

అప్పటిదాకా నిద్రమాత్రలాంటి మందులూ డాక్టర్లూ నర్సులూ చేయలేనిది ఆ పాట చేసింది. ఇండియా అంటే జబ్బు అని మొదటి పేజీ నుంచి చెప్పుకొచ్చిన రచయిత్రి, ఆ ఇంట్లో మొదటి మందు ఇండియా నుంచే తెప్పించింది. ఆవిడ కావాలని రాసిందో, కథ తనంతట తానే అటు నడిచిందో. మా ముందు బెంచీ అమ్మాయికి ఆ అధ్యాయం ఎప్పుడు వినిపిస్తానా అని ఉంది నాకు.

కంటోన్మెంట్ మనవరాలు (సికింద్రాబాద్)

ఆ చోటు నాకూ గుర్తుంది, ఆ పేజీ దగ్గర నేనూ ఏడ్చాను. కానీ పదిహేడో అధ్యాయం కూడా చూడండి. కాలిన్ పెద్ద గోల చేసి అలసిపోయాక మేరీ మళ్లీ అడుగుతుంది, ఆయా పాట పాడనా అని. ముందు సరేనంటాడు. తర్వాత, ఆ పాట బదులు తోట లోపల ఎలా ఉంటుందో చెప్పవా అంటాడు. మేరీ తోట గురించి చెప్తుంది. పాట పక్కకి పోయింది. రచయిత్రి సైదీని రెండోసారి పంపించేసింది కూడా అక్కడే. నేనైతే ఆ రెండు అధ్యాయాలూ ఒకే రోజు చదువుతాను.

జవాబు
మూర్ పక్కన (లీడ్స్)

నేను ఇక్కడ నర్సుగా పని చేస్తున్నానండి, ఊరు ఒంగోలు దగ్గర. చిన్నప్పుడు స్కూల్లో సంక్షిప్తం చదివినప్పుడు ఏమీ ఎక్కలేదు. మూర్ అంటే ఏమిటో తెలియక ఏదో అడవి అనుకునేదాన్ని. ఇక్కడికొచ్చాక అసలు నవల చదివి పిచ్చెక్కిపోయాను.

టీచర్‌గారూ, మీ పిల్లలకి మూర్ గురించి ఇలా చెప్పండి. చెట్లుండవు. కొండల మీద చదునుగా, కళ్లు చాలినంత దూరం మోకాలెత్తు పొదలు. మార్చిలో వెళ్తే ఎండిన బురద రంగులో ఉంటుంది, ఇంత వికారమైన చోటు ఇంకోటి లేదనిపిస్తుంది. మేరీకి కూడా మొదట అస్సలు నచ్చదు. ఆగస్టులో అదే చోటు హెదర్ అనే ఆ పొదలు పూసి వంగపండు రంగుకి తిరుగుతుంది, తేనె వాసన వేస్తుంది. గాలి మాత్రం ఆగదు. మేరీ రాత్రిపూట బండిలో వస్తూ చీకట్లో ఆ హోరు విని సముద్రమనుకుంటుంది చూడండి, అది అచ్చంగా నిజం. నాకు మొదటిసారి కొత్తపట్నం బీచ్ గుర్తొచ్చింది. మీ పిల్లలకి సూర్యలంక గుర్తొస్తుందేమో.

చాలామందికి తెలియని సంగతి, ఆ తోట అసలు యార్క్‌షైర్‌ది కాదు. బర్నెట్ 1898 నుంచి 1907 దాకా కెంట్‌లో గ్రేట్ మేథమ్ హాల్ అనే ఇల్లు అద్దెకి తీసుకుని ఉంది. అక్కడి గోడల తోటలో గులాబీలు పెంచింది, ఒక రాబిన్ పిట్టని మచ్చిక చేసుకుంది. దక్షిణాన ఉన్న తోటని తెచ్చి ఉత్తరాన మూర్ మధ్యలో పెట్టింది.

నాకు నచ్చనిది డబ్బు సంగతి. మార్తా తండ్రికి వారానికి పదహారు షిల్లింగులు, ఇంట్లో పన్నెండు మంది పిల్లలు. అయినా వాళ్లమ్మ సూసన్ రెండు పెన్నీలు పెట్టి మేరీకి తాడాట తాడు కొనిపెడుతుంది. నూరు గదుల ఇంట్లో ఉన్న మేరీకీ కాలిన్‌కీ పాలూ బన్నులూ పంపిస్తుంది. ఎందుకంటే వాళ్లు ఒళ్లు చేస్తున్న సంగతి దాచడానికి ఇంట్లో భోజనం వద్దని నటిస్తున్నారు! చాలా రోజులు మెక్కాక వాళ్లకి తట్టింది, ఆవిడకి ఇంట్లో పద్నాలుగు నోళ్లున్నాయని. అప్పుడు తమ షిల్లింగులు కొన్ని పంపిస్తామంటారు. పేదవాళ్లు పెద్దింటివాళ్లని బాగుచేయడానికే పుట్టినట్టు రాస్తే నాకు కోపం వస్తుంది. వార్డులో రోజూ చూస్తాను, సూసన్ లాంటి తల్లులకి ఎవరూ తిరిగి ఏమీ తెచ్చిపెట్టరు.

జవాబు
మూడు చక్రాలు (హనుమకొండ)

మేడం, నాకు రెండేళ్ల వయసులో పోలియో. కాళ్లకి ఊతంగా కట్టే క్యాలిపర్లు వేసుకుని స్కూలుకి వెళ్లాను, ఇప్పుడు స్కూటీకి పక్క చక్రాలు వేయించుకుని ఆఫీసుకి వెళ్తున్నాను. ఈ పుస్తకం గురించి అందరూ ఇండియా సంగతి మాట్లాడుతున్నారు, నాది ఇంకో సంగతి.

కాలిన్‌కి నిజానికి ఏ రోగమూ లేదు. వీపు వంగుతుందేమో, గూను వస్తుందేమో అని ఇంట్లోవాళ్లు గుసగుసలాడి, ఇనప పట్టీలు బిగించి, మంచానికి అంటించేశారు. లండన్ నుంచి వచ్చిన పెద్ద డాక్టరు ఆ పట్టీ తీసేయమన్నాడు. సరే, కథ అలా ఉంది. కానీ మామూలుగా చదివే పిల్లకి ఏం ఎక్కుతుంది? గట్టిగా అనుకుంటే లేచి నిలబడొచ్చు, నిలబడనివాడు అనుకోలేదన్నమాట. చిన్నప్పుడు నాకు ఈ మాట చెప్పని చుట్టం లేడు. "మనసులో పట్టుదల ఉండాలిరా" అనేవాళ్లు. పట్టుదలతో నరాలు రావు. కాలిన్ కుర్చీ వదిలి నడిచాకే పూర్తి మనిషి అయినట్టూ, తండ్రి ప్రేమకి అప్పుడే అర్హుడైనట్టూ ముగుస్తుంది. వాడు జీవితాంతం ఆ చక్రాల కుర్చీలోనే ఉంటే? తండ్రి ఇల్లు వదిలి దేశాలు తిరుగుతూనే ఉండేవాడా?

మీ క్లాసులో కాని, పక్క క్లాసులో కాని నాలాంటి పిల్లలు ఉంటే ఈ ప్రశ్న మీరే అడగండి. వాళ్లు నోరు తెరిచి అడగరు.

ఇంత చెప్పి కూడా ఈ పుస్తకం నా అలమరలో ఉంది. కారణం రెండు చోట్లు. సముద్రం ఒడ్డున ఒకావిడ కాలిన్ బుగ్గ తట్టి "పాపం" అంటే వాడు అరిచి ఆవిడ చెయ్యి కొరికేస్తాడు. ఆ ఒక్క వాక్యం రాసినావిడకి మా బాధ తెలుసు. జాతరలో, బస్టాండులో, పెళ్లిళ్లలో నా బుగ్గ తట్టినవాళ్లందరి చేతులూ గుర్తొచ్చాయి. రెండోది, ఇంటిల్లిపాదీ వాడి గోలకి వణుకుతుంటే మేరీ గదిలోకి దూసుకుపోయి, నీకంటే గట్టిగా నేను అరవగలను అన్నట్టు తిట్టిపోయడం. తర్వాత వీపు చూపించమని, నర్సు చేత చొక్కా ఎత్తించి, ఒక్కొక్క ఎముకా చూసి, గుండుసూదంత గడ్డ కూడా లేదని చెప్పడం. జాలి లేదు, భయం లేదు. మా ఇంట్లో నాతో జుట్టూ జుట్టూ పట్టుకుని కొట్లాడింది మా చెల్లెలు ఒక్కతే. నన్ను నాలాగా చూసింది కూడా అదొక్కతే.

జవాబు
అంటుమొక్క (కడియపులంక)

మాది నర్సరీ అండి. అమ్మాయి పుస్తకం తెచ్చి "నాన్నా, పదేళ్లు తాళం వేసిన తోటలో గులాబీలు బతుకుతాయా?" అని అడిగితే చదివాను. పైన పెద్దలు చెప్పిన సంగతులు నాకంత తెలియదు, మొక్కల సంగతి చెప్తాను.

నాకూ ముందు నమ్మకం కలగలేదు. అంటు గులాబీని కత్తిరించకుండా వదిలేస్తే కింద వేరుమొక్క నుంచి పిలకలు లేచి పై అంటుని మింగేస్తాయి. కొన్నేళ్లకి ముళ్లకంపే మిగులుతుంది. అయితే ఆవిడ దానికీ లెక్క పెట్టుకుంది. చివర్లో ముసలి తోటమాలి బెన్ వెదర్‌స్టాఫ్ చెప్తాడు, గులాబీలు చూసుకోమని అమ్మగారు చెప్పారు కాబట్టి ఏడాదికోసారి గోడెక్కి దిగి కత్తిరించేవాణ్ణని, కీళ్లనొప్పుల వల్ల ఆఖరి రెండేళ్లే రాలేకపోయానని. రెండేళ్లంటే సరిపోయింది. తోట పని చేసిన చెయ్యి రాసిన పుస్తకం ఇది.

డికన్ అనే కుర్రాడు ఎండుపుల్లలా ఉన్న కొమ్మని చాకుతో గీకి లోపల పచ్చ చూపిస్తాడు. మేమూ అదే చేస్తాం, వేసవి తర్వాత రోజూ. మేరీ మొదటి రోజు ఏమీ తెలియకుండానే మొలకల చుట్టూ గడ్డి పీకి వాటికి ఊపిరాడేలా చేస్తుంది. నేర్పకుండా ఆ పని చేసే పిల్ల ఉంటే మా నర్సరీకి పంపించండి. పుస్తకం నాకు చాలా బావుంది. మీ స్కూల్లో జాగా ఉంటే చెప్పండి, మొక్కలు పంపిస్తాను.

లైబ్రరీ పీరియడ్ (తెనాలి)

అందరికీ నమస్కారం. ఒక్క లైను కూడా వదలకుండా చదువుతాను, అది తేలిపోయింది. పదమూడు, పదిహేడు ఒకే రోజు చదవాలంటే మధ్యలో మూడు అధ్యాయాలు ముందే ముగించాలి. ఇంకో పీరియడ్ అడుగుతాను. ఎండ గురించి రచయిత్రి మాటలు పిల్లలకే వదిలేస్తాను, కాలవగట్టు సంగతి వాళ్లే చెప్తారు. మందారాలు గుచ్చిన మట్టిపోగులు మేరీ మొదటి తోట అని కూడా చెప్పాలి. అది మన మట్టిలోనే వేసింది. రాజమండ్రి మాస్టారూ, ఆఖరి పేజీ అయ్యాక మేరీ అప్పుడు ఎక్కడుందో, ఏం చేస్తోందో పిల్లల చేత రాయిస్తాను. బాగున్నవి ఇక్కడ పెడతాను. కడియపులంక అన్నయ్యగారూ, జాగా ఉంది. బోరింగు పక్కన. గోడ లేదు, మేకలొస్తాయి. ఏ మొక్క అయితే తట్టుకుంటుందో మీరే చెప్పాలి.

హనుమకొండ తమ్ముడూ, పక్క సెక్షన్‌లో ఒక బాబు ఉన్నాడు, కర్ర సాయంతో నడుస్తాడు. లైబ్రరీ పీరియడ్‌కి రెండు సెక్షన్లనీ కలుపుతాం. కాలిన్ నిలబడే అధ్యాయం చదివే ముందు మీరు రాసింది వినిపించొచ్చా?

మూడు చక్రాలు (హనుమకొండ)

వినిపించండి మేడం. ముందు ఆ బాబుని ఒంటరిగా పిలిచి అడగండి. వద్దంటే వద్దు. సరేనంటే, చెయ్యి కొరికిన చోటు నుంచి మొదలుపెట్టండి. అందరి ముందూ వాడివైపు మాత్రం చూడకండి.